పట్టా లేని రైతు పక్షాన: డేవిడ్ క్రాకెట్ జీవితం



సరిహద్దు అనే మాట మనకు కొత్త కాదు. పొలం అవతల ఒక సర్వే రాయి, రోడ్డు మీద ఒక చెక్‌పోస్టు, బస్సు బోర్డు మీద మారిపోయే లిపి. ఇవి మనకు తెలిసిన సరిహద్దు గుర్తులు. ఒకసారి గీసిన గీత చాలాకాలం అక్కడే ఉంటుంది. మనమే దానికి అటూ ఇటూ తిరుగుతూ ఉంటాం.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో సరిహద్దు అంటే వేరే అర్థం ఉండేది. అది కదిలే సరిహద్దు. తూర్పున సముద్రతీరం వెంబడి పట్టణాలు, కోర్టులు, బడులు, బజార్లు ఉండేవి. పడమటికి పోయేకొద్దీ దట్టమైన అడవి. ఆ అడవుల్లో అక్కడి ఆదివాసీ జాతులు తరతరాలుగా బతుకుతున్నాయి. చేతిలో డబ్బులేని తెల్లజాతి రైతు గొడ్డలి భుజాన వేసుకుని, పెళ్లాం బిడ్డలను వెంటబెట్టుకుని ఆ అడవి అంచుకు వెళ్లేవాడు. చెట్లు కొట్టి, గుడిసె వేసుకుని, మొక్కజొన్న విత్తేవాడు. నాలుగైదేళ్లు గడిచేసరికి సర్వేయరు వచ్చేవాడు. పన్నులు వచ్చేవి. భూమి హక్కు కాగితం పట్టుకుని ఎవరో ఆసామి వచ్చేవాడు. రైతు మళ్లీ గొడ్డలి భుజాన వేసుకుని ఇంకా పడమటికి కదిలేవాడు. అతనితోపాటే సరిహద్దూ కదిలేది.

అలా కదిలిన లక్షలాది మంది రైతుల్లో ఒకడు డేవిడ్ క్రాకెట్. అమెరికాలో పిల్లలకు కూడా తెలిసిన పేరు ఇది. అయితే వాళ్లకు తెలిసిన క్రాకెట్ వేరు. రకూన్ అనే జంతువు తోలుతో, వెనక తోక వేలాడేటట్టు కుట్టిన టోపీ పెట్టుకున్న వేటగాడు. ఎలుగుబంట్లను చంపిన వీరుడు. అలమో కోటలో పోరాడి చనిపోయిన యోధుడు. 1954, 55 సంవత్సరాల్లో వాల్ట్ డిస్నీ సంస్థ టెలివిజన్‌లో ఆయన కథను చూపించినప్పుడు అమెరికా పిల్లలంతా అలాంటి టోపీలు కొనిపించుకున్నారు. ఆ టోపీ కింద ఉన్న అసలు మనిషి ఒక పేద రైతు. చట్టసభకు ఎన్నికైన తరువాత ఆయన ఎక్కువగా పట్టుబట్టిన విషయం వేట కాదు, యుద్ధం కాదు. అడవి కొట్టి సాగు చేసుకున్నా చేతిలో పట్టా లేని రైతుకు ఆ భూమిమీద హక్కు ఇవ్వాలన్నదే ఆయన పట్టు. ఈ రోజు మనం ఆ రైతు గురించే చెప్పుకుందాం.

క్రాకెట్ 1786 ఆగస్టు 17న పుట్టాడు. ఇప్పటి టెన్నెసీ రాష్ట్రం తూర్పు భాగంలో నాలిచకీ అనే నది ఉంది. ఆ నది ఒడ్డున వాళ్ల గుడిసె ఉండేది. తండ్రి జాన్ క్రాకెట్ ఏ పని పట్టినా కలిసిరాని మనిషి. భాగస్వామితో కలిసి వాగుమీద ఒక పిండిమర కట్టాడు. అది పని మొదలుపెట్టేలోపే వరద వచ్చి కొట్టుకుపోయింది. తరువాత బండ్లవాళ్లు ఆగే దారిపక్కన ఒక చిన్న సత్రం నడిపాడు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, అప్పులు అంతకన్నా ఎక్కువ. డేవిడ్‌కు పన్నెండేళ్లు వచ్చేసరికి, వర్జీనియాకు పశువులను తోలుకుపోతున్న ఒక ఆసామి దగ్గర పాలేరుగా కుదిర్చాడు. ఆ కుర్రవాడు ముందూ వెనకా తెలియని మనిషితో, పశువుల వెంట వందల మైళ్లు నడిచి వెళ్లాడు.

తిరిగి వచ్చాక తండ్రి బడిలో వేశాడు. ఆ చదువు నాలుగు రోజులే సాగింది. నాలుగో రోజు తనకన్నా పెద్ద కుర్రవాడితో కొట్లాట. మాస్టారు కొడతాడని బడి ఎగ్గొట్టాడు. సంగతి తెలిసి తండ్రి బెత్తం పట్టుకున్నాడు. ఇద్దరి దెబ్బలూ తప్పించుకోవడానికి ఇల్లే వదిలి పారిపోయాడు. బండ్ల వెంట, పశువుల వెంట తిరుగుతూ, టోపీలు తయారుచేసే వాడి దగ్గర కొన్నాళ్లు పనిచేస్తూ రెండేళ్లకు పైగా గడిపాడు. 1802లో తిరిగి వచ్చినప్పుడు ఎంతగా ఎదిగిపోయాడంటే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేదు. మామూలు బాటసారిలాగే సత్రంలో భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. పెద్దక్క ముఖం వంక చూసి, తమ్ముణ్ణి గుర్తుపట్టి, మెడ కౌగిలించుకుంది.

ఆ తరువాత జరిగిన సంగతి ఈ మనిషి స్వభావాన్ని చెబుతుంది. తండ్రి ఒకాయనకు 36 డాలర్లు బాకీ ఉన్నాడు. ఆరు నెలలు ఆ ఆసామి దగ్గర పనిచేస్తే ఆ ప్రోనోటు కొట్టేస్తారని ఒప్పందం. డేవిడ్ ఆరు నెలలు చాకిరి చేసి తండ్రి నోటు విడిపించాడు. అప్పటికి తండ్రి తన సంపాదన మీద తన హక్కు వదులుకున్నాడు. ఇక కొడుకు స్వతంత్రుడు. అయినా ఇంకొక ఆసామికి తండ్రి 40 డాలర్లు బాకీ ఉన్నాడని తెలిసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మరో ఆరు నెలలు పనిచేశాడు. ఆ నోటు తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. అప్పు అడగడానికి పంపారేమో అనుకుని, తన దగ్గర డబ్బు లేదన్నాడు తండ్రి. బాకీ తీరిపోయిందని కొడుకు చెప్పగానే ఆ ముసలాయన ఏడ్చాడు. అప్పు అంటే ఏమిటో, కాగితం ఒక కుటుంబాన్ని ఎలా కట్టిపడేస్తుందో క్రాకెట్ అలా పదహారు, పదిహేడేళ్ల వయసులోనే నేర్చుకున్నాడు.

రెండో ఆసామి కొడుకు ఒక చిన్న బడి నడిపేవాడు. అక్కడ వారంలో నాలుగు రోజులు చదువు, రెండు రోజులు ఫీజుకు బదులు కూలిపని. అలా ఆరు నెలలు చదివాడు. సంతకం పెట్టడం, కొద్దిగా చదవడం, కొద్దిగా లెక్కలు. ఆయన జీవితంలో చదువంటే అంతే.

1806లో పాలీ ఫిన్లీ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. అత్తవారింటి నుంచి రెండు పాడి ఆవులు, వాటి దూడలు వచ్చాయి. సొంత భూమి లేదు కాబట్టి కౌలుకు తీసుకున్నాడు. కౌలు సేద్యం సంగతి మన శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. పంట వచ్చినా కౌలు కట్టేసరికి మిగిలేది ఏమీ లేదు. అయిదేళ్లు చూసి, 1811లో కొండలు దాటి పడమటికి సాగాడు. అది మొదటి కదలిక. ఆ తరువాత 1813లో ఒకసారి, 1817లో ఒకసారి, 1822లో మరొకసారి. ప్రతిసారీ ఇంకా పడమటికే.

మధ్యలో 1813లో క్రీక్ ఆదివాసీలతో యుద్ధం వచ్చింది. ఆ యుద్ధానికి టెన్నెసీ నుంచి నాయకత్వం వహించినవాడు ఆండ్రూ జాక్సన్. తరువాత అమెరికా అధ్యక్షుడైన జాక్సన్ ఈయనే. క్రాకెట్ ఆ సైన్యంలో చేరాడు. చేరడానికి ఆయనకు సొంత కారణం కూడా ఉందని చెప్పవచ్చు. ఆయన పుట్టకముందే, 1777లో, ఆయన తాతనూ నాయనమ్మనూ ఆదివాసీ యోధులు చంపారు. ఒక బాబాయిని బందీగా పట్టుకుపోయి చాలా ఏళ్లు తమ దగ్గరే ఉంచుకున్నారు. 1813 నవంబరులో టాలుషాచీ అనే క్రీక్ గ్రామం మీద జరిగిన దాడిలో క్రాకెట్ ఉన్నాడు. యోధులు దాక్కున్న ఒక ఇంటిని సైనికులు మనుషులతో సహా తగలబెట్టారు. మరుసటి రోజు ఆకలితో ఉన్న సైనికులు ఆ కాలిన ఇంటి నేలమాళిగలో ఉన్న దుంపలు తీసి తిన్నారు. క్రాకెట్ తరువాత తన ఆత్మకథలో ఈ సంగతి దాచకుండా రాశాడు. ఈ సంఘటనను శ్రోతలు కాస్త గుర్తుపెట్టుకోవాలి. దీనితో ముడిపడిన విషయం ముందు ముందు వస్తుంది.

1815లో భార్య పాలీ ముగ్గురు పిల్లలను వదిలి చనిపోయింది. ఆ తరువాత క్రాకెట్ ఎలిజబెత్ పాటన్ అనే వితంతువును వివాహం చేసుకున్నాడు. ఆమె మొదటి భర్త క్రీక్ యుద్ధంలో చనిపోయాడు. ఆమెకూ ఇద్దరు పిల్లలు. మంచి కుదురైన ఇల్లాలు, లెక్క తెలిసిన మనిషి. ఆమె తెచ్చిన కొద్దిపాటి సొమ్ముతో కుటుంబం కాస్త నిలదొక్కుకుంది.

1817లో షోల్ క్రీక్ అనే వాగు ఒడ్డుకు చేరారు. అక్కడ ఇంకా ప్రభుత్వం అంటూ ఏమీ లేదు. కొత్తగా వచ్చిన కుటుంబాలే కూడి తమలో కొందరిని తగాదాలు తీర్చడానికి ఎన్నుకున్నాయి. వారిలో క్రాకెట్ ఒకడు. తరువాత రాష్ట్ర ప్రభుత్వం ఆయనను మేజిస్ట్రేటుగా నియమించింది. న్యాయశాస్త్రం ఒక్క పేజీ కూడా చదవలేదు. వారంటు రాయడం కూడా చేతకాదు. రాసే పని అమీనాకు అప్పగించి, కొద్దికొద్దిగా తానూ నేర్చుకున్నాడు. న్యాయం అనిపించిన తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పుల మీద ఎవరూ పైకోర్టుకు పోలేదని ఆయనే గర్వంగా చెప్పుకున్నాడు. ఆ పేరుతోనే 1821లో రాష్ట్ర శాసనసభకు పోటీ చేశాడు.

ఆయన ఎన్నికల ప్రచారం తీరు చూస్తే మన పల్లెటూరి హరికథలు గుర్తుకొస్తాయి. మొదటిసారి మాట్లాడమన్నప్పుడు గొంతు తడారిపోయి మాట రాలేదు. అప్పుడు ఒక పిట్టకథ చెప్పాడు. ఒకడు దారిపక్కన ఖాళీ పీపాను తడుతున్నాడట. ఏం చేస్తున్నావని అడిగితే, మొన్న దీనిలో ఆపిల్ కల్లు ఉండేది, ఇంకా ఉందేమో చూస్తున్నానన్నాడట. నా పరిస్థితీ అంతే, ఇంతకు ముందు నా దగ్గర ఒక ఉపన్యాసం ఉండేది, ఇప్పుడు దొరకడం లేదన్నాడు క్రాకెట్. జనం పగలబడి నవ్వారు. ఇంకో రెండు కథలు చెప్పి, గొంతు ఎండిపోయింది, అందరం పోయి తడుపుకుందాం రండని సారా కొట్టు వైపు నడిచాడు. జనమంతా ఆయన వెంట నడిచారు. ఆయన ప్రత్యర్థికి వినేవాళ్లు పెద్దగా మిగలలేదు. క్రాకెట్ గెలిచాడు.

అక్కడ శాసనసభలో ఉండగానే ఇంటి నుంచి దుర్వార్త వచ్చింది. అప్పు చేసి కట్టిన పిండిమర, తుపాకి మందు తయారుచేసే కార్ఖానా, సారా బట్టీ వరదలో కొట్టుకుపోయాయి. సుమారు 3,000 డాలర్ల నష్టం. తండ్రి మర పోయినట్టే కొడుకు మరా పోయింది. అప్పులవాళ్లకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోమని ఎలిజబెత్ చెప్పలేదు. ఉన్నదంతా ఇచ్చి బాకీలు తీర్చేద్దాం, మళ్లీ కష్టపడి సంపాదించుకుందాం అంది. అలాగే చేశారు. చేతులు ఖాళీ అయ్యాయి. మళ్లీ పడమటికి ప్రయాణం.

ఈసారి చేరింది ఒబయన్ నది ప్రాంతం. అది మిసిసిపీ నదికి దగ్గర. అంతకుముందు 1811, 12 సంవత్సరాల్లో అక్కడ పెద్ద భూకంపాలు వచ్చాయి. నేల పగుళ్లు వారి, అడవి కూలి, ఒక పెద్ద చెరువే కొత్తగా ఏర్పడింది. గాలివానకు పడిపోయిన చెట్లు, సన్నవెదురు పొదలు, ఆ పొదల్లో ఎలుగుబంట్లు. అతి దగ్గరి ఇల్లు ఏడు మైళ్ల దూరం. క్రాకెట్ పెద్ద కొడుకును, ఇంకొక కుర్రవాణ్ణి తోడు తీసుకుని ముందుగా వెళ్లి, గుడిసె వేసి, పొలం చదును చేసి మొక్కజొన్న నాటాడు. మేసే పశువులు లేవు కాబట్టి కంచె కూడా వేయలేదు. వేట ఆయనకు సరదా మాత్రమే కాదు. ఆ మాంసంతోనే ఇల్లు గడిచేది, తోళ్లు అమ్మితేనే ఉప్పు, కాఫీ, తుపాకి మందు వచ్చేవి. ఒక ఏడాదిలో 105 ఎలుగుబంట్లను చంపానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ లెక్క చూసినవాళ్లు ఎవరూ లేరు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ భూమి ఎవరిది?

అంతకుముందు ఆ ప్రాంతం చికసా జాతి ఆదివాసీలది. 1818లో ప్రభుత్వం తరఫున జాక్సన్, ఇంకొక ప్రతినిధి కలిసి వాళ్లతో ఒప్పందం చేసుకున్నారు. పదిహేనేళ్లలో మూడు లక్షల డాలర్లు ఇచ్చే షరతుమీద చికసాలు టెన్నెసీ పశ్చిమ భాగాన్ని వదులుకున్నారు. వెంటనే పేద రైతులు ఆ అడవిలో ప్రవేశించారు. వాళ్ల దగ్గర గొడ్డలి ఉంది, కాగితం లేదు. కాగితాలు వేరేవాళ్ల దగ్గర ఉన్నాయి.

ఆ కాగితాల కథ ఇది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికులకు ఉత్తర కరొలైనా రాష్ట్రం పడమటి భూముల్లో ఇన్ని ఎకరాలు ఇస్తామని హక్కు పత్రాలు రాసి ఇచ్చింది. అప్పట్లో టెన్నెసీ ఆ రాష్ట్రంలో భాగం. 1796లో టెన్నెసీ వేరే రాష్ట్రమైంది గాని ఆ పత్రాలు చెల్లుబాటులోనే ఉన్నాయి. చాలామంది సైనికులు అడవికి పోలేక, డబ్బు అవసరమై, పత్రాలను చవకగా అమ్ముకున్నారు. భూముల వ్యాపారులు వాటిని గుత్తగా కొన్నారు. పత్రం ఉన్నవాడు మంచి భూమి ఎక్కడుందో చూసుకుని, సర్వే చేయించి, తన పేర రాయించుకోవచ్చు. ఆ భూమిలో అప్పటికే ఒక పేదవాడు చెట్లు కొట్టి, బావి తవ్వి, పంట పండిస్తూ ఉండవచ్చు. చట్టం దృష్టిలో ఆ పేదవాడు ఆక్రమణదారు. బాగుచేసిన పొలమే వ్యాపారి కంటికి ముందుగా ఆనుతుంది కదా.

క్రాకెట్ నియోజకవర్గంలోని ఓటర్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. ఆయన కూడా వాళ్లలో ఒకడే. 1821లో శాసనసభలో ఒక పెద్దమనిషి ఆయనను వెదురుపొదల నుంచి వచ్చిన దొరగారు అని ఎగతాళి చేశాడు. క్రాకెట్‌కు కోపం వచ్చింది. ఆ పెద్దమనిషి చొక్కాకు ఉండే లాంటి కుచ్చుల జాలరు ఒకటి ఆయనకు దొరికింది. దానిని తన ముతక చొక్కాకు గుచ్చుకుని సభలో లేచి నిలబడ్డాడు. సభ అంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి వెదురుపొదల దొర అన్న పేరు ఎగతాళిగా కాక బిరుదుగా మారింది. 1823లో కొత్త ప్రాంతం నుంచి మళ్లీ గెలిచాడు.

1825లో కేంద్ర చట్టసభ అయిన కాంగ్రెసుకు పోటీ చేసి ఓడిపోయాడు. కారణం పత్తి ధర. ఆ ఏడు పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. దిగుమతి సుంకాల చట్టం వల్లే ఈ ధర వచ్చిందని, ఆ చట్టానికి ఓటు వేసినవాణ్ణి నేనేనని ప్రత్యర్థి ప్రచారం చేసుకున్నాడు. చేతిలో డబ్బు ఆడుతున్న రైతుకు ఎదురు చెప్పి ప్రయోజనం లేకపోయింది. తరువాత పత్తి ధర పడిపోయింది. మధ్యలో క్రాకెట్ పీపాల చెక్కలు పడవల మీద వేసుకుని మిసిసిపీలో అమ్మకానికి బయలుదేరి, మెంఫిస్ దగ్గర పడవలు మునిగి, చిన్న కిటికీలోంచి చర్మం గీసుకుపోయేలా బయటపడ్డాడు. సరుకంతా నీటిపాలైంది. ఆ స్థితిలో మెంఫిస్ పట్టణంలోని ఒక వర్తకుడు బట్టలు ఇచ్చి, డబ్బు సాయం చేశాడు. 1827లో క్రాకెట్ గెలిచి వాషింగ్టన్ చేరాడు.

అక్కడ ఆయన పట్టుకున్న పని ఒక్కటే. పాత పత్రాల వాళ్లు తీసుకోగా టెన్నెసీలో మిగిలిన సర్కారు బంజరును ఏం చెయ్యాలన్నది ప్రశ్న. అదే రాష్ట్రం నుంచి వచ్చిన జేమ్స్ పోక్ ఒక బిల్లు తెచ్చాడు. ఈయన కూడా తరువాత అధ్యక్షుడయ్యాడు. ఆ భూమిని కేంద్రం రాష్ట్రానికి ఇవ్వాలి, రాష్ట్రం దానిని అమ్మి ఆ సొమ్ము చదువులకు ఖర్చు చేయాలి అన్నది ఆ బిల్లు సారాంశం. వినడానికి బాగానే ఉంది. క్రాకెట్ మొదట ఒప్పుకున్నాడు. తరువాత ఆలోచించాడు. రాష్ట్రం భూమిని వేలం వేస్తే కొనేది ఎవరు? డబ్బున్నవాడు. ఆ సొమ్ముతో పెట్టే కళాశాలల్లో చదివేది ఎవరు? వాడి పిల్లలే. పొలం పోగొట్టుకున్న రైతు కొడుకు ఆ కళాశాల గడప తొక్కడు. అందుకని 1829 జనవరిలో వేరే సవరణ ప్రతిపాదించాడు. సాగు చేసుకుంటున్న ప్రతి కుటుంబానికి 160 ఎకరాలు నేరుగా ఇవ్వాలన్నాడు.

160 ఎకరాలంటే మనకు చాలా ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ సర్వేలో చదరపు మైలు ఒక కొలత. చదరపు మైలుకు 640 ఎకరాలు. అందులో నాలుగో వంతు 160. అడవి కొట్టి సేద్యం చేసే కుటుంబానికి అది సరిపడే కమతమని అప్పటి లెక్క.

ఆ సవరణ నెగ్గలేదు. పోక్, ఇతర టెన్నెసీ సభ్యులు ఆయనమీద ఆగ్రహించారు. 1829 మార్చిలో జాక్సన్ అధ్యక్షుడయ్యాడు. జాక్సన్ పేదవాళ్ల నాయకుడని పేరు తెచ్చుకున్న మనిషి. క్రాకెట్ ఆయన పక్షం మనిషిగానే ఎన్నికయ్యాడు. కాని భూమి విషయంలో జాక్సన్ పక్షం వాళ్లు తన రైతులకు అడ్డం పడుతున్నారని ఆయనకు అర్థమైంది. 1830లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలను మూసివేయాలని కూడా తీర్మానం పెట్టాడు. పేదలు కట్టిన పన్నులతో డబ్బున్నవాళ్ల పిల్లలు ఉచితంగా చదువుతున్నారన్నది ఆయన వాదన. అదీ వీగిపోయింది.

అదే ఏడాది మే నెలలో ఆదివాసీల తరలింపు బిల్లు వచ్చింది. చెరొకీ, క్రీక్, చికసా, చొక్టా, సెమినోల్ జాతులను వాళ్ల భూముల నుంచి మిసిసిపీ నదికి అవతలికి పంపే బిల్లు అది. జాక్సన్ పట్టుదలతో తెచ్చిన బిల్లు. ప్రతినిధుల సభలో 102 ఓట్లు అనుకూలం, 97 వ్యతిరేకం. టెన్నెసీ సభ్యుల్లో వ్యతిరేకంగా ఓటు వేసినవాడు ఒక్క డేవిడ్ క్రాకెట్. తాతను, నాయనమ్మను ఆదివాసీల చేతిలో పోగొట్టుకున్నవాడు, టాలుషాచీలో కాలిన ఇంటి దుంపలు తిన్నవాడు, ఆ ఓటు వేశాడు. అప్పటికే జాక్సన్‌తో తెగతెంపులయ్యాయి కాబట్టి రాజకీయం కోసం వేశాడని అనేవారూ ఉన్నారు. కాని ఆ ఓటు వల్ల ఆయనకు లాభం ఏమీ లేదు, ఆయన ఓటర్లకు కావలసింది ఆదివాసీల భూమే. అది అన్యాయమైన చట్టమని, తన అంతరాత్మకు సమాధానం చెప్పుకోవాలని ఆయన తరువాత రాసుకున్నాడు. 1831లో ఓటర్లు ఆయనను ఓడించారు. ఓటమికి ఇదొక్కటే కారణం కాదు గాని ఇదీ ఒకటి. ఆ చట్టం ఫలితంగా 1838, 39 సంవత్సరాల్లో చెరొకీలు చేసిన నిర్బంధ ప్రయాణంలో సుమారు నాలుగు వేల మంది చనిపోయారని అంచనా.

1833లో క్రాకెట్ మళ్లీ గెలిచాడు. ఇక్కడి నుంచి ఆయన కథలో ఒక మలుపు. జాక్సన్‌ను వ్యతిరేకించే విగ్ పార్టీ పెద్దలకు ఇలాంటి పల్లెటూరి మనిషి కావలసి వచ్చాడు. అప్పటికే ఆయనను పోలిన పాత్రతో న్యూయార్క్‌లో నాటకం ఆడారు. 1834లో, థామస్ చిల్టన్ అనే తోటి సభ్యుడి సాయంతో ఆయన ఆత్మకథ రాశాడు. అది బాగా అమ్ముడుపోయింది. అదే ఏడు విగ్ పార్టీవాళ్లు ఆయనను ఫిలడెల్ఫియా, న్యూయార్క్, బోస్టన్ నగరాల్లో ఊరేగించారు, విందులు ఇచ్చారు, తుపాకి బహూకరించారు. ఆ సమయంలో కాంగ్రెసు సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. ఆయన మాత్రం సభలో లేడు. ఆయన పేరుతో వేరేవాళ్లు పుస్తకాలు రాశారు. భూమి బిల్లు ముందుకు కదలలేదు. పొగడ్తల్లో పడి రైతుల పని వెనకబడిందని ఇంటి దగ్గర ప్రత్యర్థులు ఎత్తిచూపారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 1835లో ఆడమ్ హంట్స్‌మన్ అనే కొయ్యకాలు లాయరు చేతిలో సుమారు 250 ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. చేతిలో పదవి లేదు, భూమి లేదు, అప్పులున్నాయి. 1835 నవంబరు 1న మళ్లీ పడమటికి బయలుదేరాడు. ఈసారి టెక్సాస్. అది అప్పుడు మెక్సికో దేశంలో భాగం. అక్కడ స్థిరపడిన అమెరికన్లు మెక్సికో ప్రభుత్వం మీద తిరుగుబాటు చేస్తున్నారు. ఆయన యుద్ధం కోసమే వెళ్లాడనడం సరికాదు. 1836 జనవరిలో కూతురికి, అల్లుడికి రాసిన చివరి ఉత్తరంలో అక్కడి నేల, నీళ్లు, కలప గురించి సంబరంగా రాశాడు. ఒక్కొక్కరికి 4,438 ఎకరాలు వస్తాయని లెక్క కూడా చెప్పాడు. పాతికేళ్ల క్రితం కౌలు కట్టలేక కదిలిన రైతే ఆ ఉత్తరంలోనూ కనిపిస్తాడు.

ఆ భూమి రావాలంటే సైన్యంలో చేరాలి. చేరాడు. ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియో పట్టణం చేరాడు. ఫిబ్రవరి 23న మెక్సికో అధ్యక్షుడు సాంటా ఆనా సైన్యం అక్కడి అలమో అనే పాత క్రైస్తవ మఠాన్ని చుట్టుముట్టింది. లోపల ఉన్నవాళ్లు సుమారు రెండు వందల మంది. పదమూడో రోజున, 1836 మార్చి 6 తెల్లవారుజామున కోట పడిపోయింది. పోరాడినవారిలో దాదాపు అంతా చనిపోయారు. క్రాకెట్ చివరిదాకా పోరాడి చనిపోయాడని ఒక కథనం. పట్టుబడిన తరువాత చంపారని మెక్సికన్ అధికారి డి లా పేన్యా పేరుతో ఉన్న రాతప్రతి చెబుతుంది. దీనిమీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఆయనను మచ్చలేని మనిషిగా చూపించనక్కరలేదు. ఆ కాలపు చాలామంది దక్షిణాది తెల్లవాళ్లలాగే ఆయన దగ్గరా బానిసలు ఉండేవారు. మెక్సికో 1829లో బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆయన ఎవరి పక్షాన పోరాడి చనిపోయాడో, ఆ టెక్సాస్ వలసదారుల్లో బానిసలను ఉంచుకోవాలనుకున్నవాళ్లు చాలామంది.

మరి ఆ భూమి బిల్లు ఏమైంది? క్రాకెట్ పెద్ద కొడుకు జాన్ వెస్లీ, ఒబయన్ అడవిలో తండ్రితో కలిసి మొక్కజొన్న నాటిన కుర్రవాడే, 1837లో అదే ప్రాంతం నుంచి కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు. టెన్నెసీ బంజరు భూముల సమస్యకు పరిష్కారం చూపే చట్టాన్ని 1841లో సాధించాడు. అది తండ్రి కోరినట్టు ఉచితంగా ఇచ్చేది కాదు. అయినా ఒక దారి ఏర్పడింది. అదే ఏడు దేశం మొత్తానికీ ఇంకొక చట్టం వచ్చింది. సర్కారు భూమిలో ఉంటూ సాగు చేసుకుంటున్నవాడు వేలం కన్నా ముందే ఎకరం డాలరున్నర లోపు ధరకు 160 ఎకరాలు కొనుక్కోవచ్చు. ఆ తరువాత 1862లో, లింకన్ అధ్యక్షుడుగా ఉండగా, హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే, కొద్దిపాటి ఫీజుతో 160 ఎకరాలు సొంతం. 1829లో క్రాకెట్ సభలో అడిగి ఓడిపోయిన లెక్క అదే. అప్పటికి ఆయన చనిపోయి 26 ఏళ్లు. ఎలిజబెత్ మాత్రం 1850లలో టెక్సాస్ చేరి, భర్త సైనిక సేవకుగాను వచ్చిన భూమిలో ఇల్లు వేసుకుని, 1860లో అక్కడే కన్నుమూసింది.

శ్రోతలారా, భూమి ఎవరిదన్న ప్రశ్నకు కోర్టులో కాగితం ఎవరి దగ్గరుందో చూస్తారు. ఈ నేలను బాగుచేసింది ఎవరని కూడా చూడండని క్రాకెట్ జీవితమంతా అడిగాడు. అంతకుముందు ఇక్కడ ఎవరుండేవారన్నది మూడో ప్రశ్న. ఆయన బిల్లులోగాని, తరువాత వచ్చిన చట్టాల్లోగాని దానికి చోటు లేదు. పేద రైతుకు పంచిన ప్రతి 160 ఎకరాలూ అంతకుముందు ఏదో ఒక ఆదివాసీ జాతి తిరిగిన నేలే. 1830 మే నెలలో ఒక్కసారి, తన రాష్ట్రం సభ్యులంతా ఒకవైపు ఉండగా, ఆ మూడో ప్రశ్న తరఫున కూడా ఆయన ఓటు వేశాడు. తోలుటోపీ కథల్లో ఈ ఓటుకు, ఆ భూమి బిల్లుకు చోటు తక్కువ. వాటిని కూడా కలిపి చూస్తేనే డేవిడ్ క్రాకెట్ అనే రైతు మనకు పూర్తిగా అర్థమవుతాడు.